ఇంగ్లండ్‌లో పాత పబ్ చరిత్ర ఎలా వెతకాలి?

ఇక్కడ ఇంగ్లండ్‌లో ఉంటున్నవాళ్ళు ఎవరికైనా తెలిస్తే చెప్పండి ప్లీజ్. మా వీధి చివర పబ్ చాలా పాతది, ఇప్పుడు అమ్మకానికి పెట్టేశారు, అందుకే అక్కడ రోజూ కూర్చునే పెద్దాళ్ళ కబుర్లు ఫోన్‌లో రికార్డ్ చేస్తున్నా (2007లో లోపల సిగరెట్ బ్యాన్ చేశాక సగం మంది రావడం మానేశారట, ఆ కోపం ఇంకా తగ్గలేదు). కానీ ఎప్పుడు మొదలైందంటే తలా ఒక మాట చెప్తున్నారు. 1830 బీర్ యాక్ట్ వచ్చాక పన్ను కట్టే ఇంటాయన ఎవరైనా ఫీజు కట్టి ఇంట్లోనే బీరు అమ్ముకోవచ్చన్నారు కదా, ఇదీ అలాంటిదేనేమో అని నా డౌట్. 1841 నుంచి సెన్సస్‌లో నడిపినవాళ్ళ పేర్లు దొరకొచ్చు, మరి అంతకుముందువి? పాత లైసెన్స్ రిజిస్టర్లు కౌంటీ ఆర్కైవ్స్‌లో మామూలు జనానికి చూపిస్తారా, ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలా? పాత ఫోటోలు ఎక్కడ వెతకాలి?