అపెండిక్స్‌కు చిల్లు పడిందా? రక్తపరీక్ష చెప్పగలదా?

ఏరియా ఆసుపత్రి సర్జన్:
రాత్రిపూట మా దగ్గర సీటీ స్కాన్ ఉండదు. 24 గంటల నొప్పి అంటూ వచ్చినవాళ్లలో ఎవరికి అపెండిక్స్ కుళ్లిందో, ఎవరికి చిల్లు పడిందో ఆపరేషన్‌కి ముందే పసిగట్టడానికి సీఆర్‌పీ (వాపు ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్), బిలిరుబిన్ (లివర్ పిత్తంలోకి పంపే పసుపు పదార్థం) పనికొస్తాయని నా వాదన. తెల్లకణాలు మామూలు వాపుకీ పెరుగుతాయి. లక్షణాలు, రక్తపరీక్షలకు పాయింట్లు వేసి అపెండిక్స్ వాపును అంచనా కట్టే 1986 నాటి ఆల్వరాడో స్కోరు వాటికి 2 పాయింట్లు ఇస్తుంది గానీ, అది జబ్బు ఉందా లేదా తేల్చడానికి పుట్టింది, చిల్లు సంగతి తేల్చడానికి కాదు. బిలిరుబిన్ ఎందుకంటారా? ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా విషాలు పేగుల రక్తంతో లివర్‌కి చేరి, పిత్తం కారడాన్ని మందగింపజేస్తాయి. కళ్లు పచ్చబడకపోయినా రిపోర్టులో అంకె కాస్త పెరుగుతుంది.

రేడియాలజిస్ట్:
సార్, రెండు పూటలు తిండి మానేసినా బిలిరుబిన్ పెరుగుతుంది. గిల్బర్ట్ (పుట్టుకతోనే బిలిరుబిన్ కాస్త ఎక్కువగా ఉండే, హాని లేని స్థితి) ఉన్నవాళ్లకైతే మరీను. ఈ పేషంట్లు వచ్చేదే వాంతులతో, ఖాళీ కడుపుతో. పైగా అపెండిక్స్‌లో రాయి ఉందో లేదో ఏ రక్తపరీక్షా చెప్పదు. 2020లో ఆపరేషన్‌నీ యాంటీబయాటిక్స్‌నీ పోల్చి చూసిన అమెరికా కోడా ట్రయల్‌లో యాంటీబయాటిక్స్ తీసుకున్నవాళ్లలో ఆ రాయి ఉన్నవాళ్లకే కాంప్లికేషన్లు ఎక్కువొచ్చాయి.

పేషంట్ బాబాయి:
డాక్టర్ గారూ, మా అన్నయ్య కొడుక్కి నొప్పి మొదలైన కాసేపటికే రక్తం తీశారు. సీఆర్‌పీ నార్మల్. రాత్రికి నొప్పి ఒక్కసారిగా తగ్గింది, హమ్మయ్య అనుకున్నాం. తెల్లారేసరికి పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది, చెయ్యి వేయనివ్వలేదు. నార్మల్ అన్న రిపోర్టుకి అర్థమేంటి మరి?

ఏరియా ఆసుపత్రి సర్జన్:
బాబు గారూ, సీఆర్‌పీ పెరగడం మొదలవడానికే ఆరేడు గంటలు పడుతుంది, పతాక స్థాయికి రెండు రోజులు. అందుకే నొప్పి ఎప్పుడు మొదలైందో రిపోర్టు పక్కనే రాసి చూడాలి. తొలి గంటల్లో నార్మల్ వచ్చిందని ఎవరినీ ఇంటికి పంపకూడదు. అట్టేపెట్టి, పొట్ట మళ్లీ నొక్కి చూసి, కొన్ని గంటలకి పరీక్ష మళ్లీ చేయాలి. చిల్లు పడగానే లోపలి ఒత్తిడి దిగి నొప్పి కాసేపు తగ్గినట్టు అనిపిస్తుంది. ఆ ఉపశమనమే ప్రమాదం. మేడమ్ అన్నట్టు బిలిరుబిన్ ఒక్కటే పెరిగితే నేనూ నమ్మను. రెండోసారికి సీఆర్‌పీ ఎగబాకి, బిలిరుబిన్ పెరిగి, రక్తంలో సోడియం 135 (లీటరుకు మిల్లీమోల్స్) కిందికి దిగితే మాత్రం పొద్దుటి సీటీ కోసం కూర్చోను.

రేడియాలజిస్ట్:
పెద్దాసుపత్రికి పంపడానికో, ఆపరేషన్ త్వరపెట్టడానికో అయితే ఒప్పుకుంటాను. కోత లేకుండా యాంటీబయాటిక్స్‌తోనే గట్టెక్కిద్దామంటే మాత్రం సీటీ తీయకుండా మొదలుపెట్టొద్దు సార్. అక్కడ నేను తగ్గను.