ఏఎంపీకే కొవ్వును ఖర్చు చేయిస్తుందా, పట్టి ఉంచుతుందా?

బయోకెమిస్ట్రీ సొంతంగా చదువుకుంటూ ఒక చోట ఇరుక్కుపోయాను. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

నాకు అర్థమైనంత వరకు, కణంలో శక్తినిచ్చే అణువు ఏటీపీ తగ్గి, అది ఖర్చయ్యాక మిగిలే ఏఎంపీ పెరిగితే ఏఎంపీకే అనే ఎంజైమ్ మేలుకుంటుంది. అది మలోనైల్ కోఏ అనే అణువును తయారుచేసే ఎసిటైల్ కోఏ కార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్‌కి ఫాస్ఫేట్ తగిలించి దాని జోరు తగ్గిస్తుంది. దాంతో మలోనైల్ కోఏ తగ్గుతుంది. అది ఎక్కువగా ఉన్నంతసేపూ మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారయ్యే భాగం) దగ్గరి సీపీటీ1 అనే గేటు మూసుకుని ఉంటుంది కదా, తగ్గగానే కొవ్వు ఆమ్లాలు మైటోకాండ్రియాలోకి వెళ్లి ఖర్చవుతాయి. మలోనైల్ కోఏ అనే ఒకే అణువు కొవ్వు తయారీకి ముడిసరుకు, కొవ్వు ఖర్చుకు తాళం కూడా కావడం నాకు భలే నచ్చింది.

తిరకాసంతా కొవ్వు కణం దగ్గరే. అక్కడ అడ్రినలిన్ వస్తే పీకేఏ అనే ఎంజైమ్, కొవ్వును కోసే హెచ్‌ఎస్‌ఎల్ అనే లైపేజ్ ఎంజైమ్‌కి ఫాస్ఫేట్ పెట్టి పనిలోకి దించుతుంది. అదే హెచ్‌ఎస్‌ఎల్‌లో దాదాపు పక్కనే ఉన్న మరో సెరీన్‌కి (సెరీన్ అంటే ప్రోటీన్‌లోని ఒక అమైనో ఆమ్లం) ఏఎంపీకే ఫాస్ఫేట్ పెడితే మాత్రం పీకేఏ మాట చెల్లదట! అంటే కండరంలో కొవ్వు కాల్చమనే ఎంజైమే ఇక్కడ నిల్వను బయటికి పోనివ్వడం లేదా? ఆకలి వేళ ఇది ఎదురు పని కాదా?

విడుదలైన కొవ్వు ఆమ్లాలను మళ్లీ ట్రైగ్లిజరైడ్‌గా, అంటే నిల్వ కొవ్వుగా, కట్టాలంటే ఏటీపీ ఖర్చవుతుంది. ఆ వృథా ఆపడానికేనేమో అని నా ఊహ, సరైనదేనా? ఇంకోటి, ట్రైగ్లిజరైడ్‌ని మొదట కోసేది ముఖ్యంగా ఏటీజీఎల్ అనే మరో లైపేజ్ అయితే, తర్వాత వచ్చే హెచ్‌ఎస్‌ఎల్‌ని ఆపి లాభమేంటి? బరువు తగ్గే చిట్కాలు మాత్రం వద్దు ప్లీజ్, నాకు కావాల్సింది మెకానిజం.