సంబంధం ఫొటో చూసి "పొగరు" అంటే ఎవరి గురించి చెప్పినట్టు?

గోదారిగట్టు:
మా తమ్ముడికి సంబంధాలు చూస్తున్నాం. పోయిన ఆదివారం వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. లేత ఆకుపచ్చ పట్టుచీర, జడ ముందుకు వేసుకుంది, గడ్డం కాస్త పైకెత్తి ఉంది, నవ్వు లేదు. అంతే. మా పెద్దత్త కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసి "పొగరు పిల్ల, రేపు మనల్ని లెక్కచెయ్యదు" అనేసింది. అమ్మ అదే ఫోన్ లాక్కుని "పాపం బెదిరినట్టుంది, ఫొటోగ్రాఫర్ ఏదో అని ఉంటాడు" అంది. తమ్ముడేమో "సీరియస్ టైపు, నాకు సెట్ అవుతుంది" అన్నాడు. ఒకే ఫొటో, మూడు జాతకాలు.

అప్పటికి నవ్వొచ్చింది. రాత్రి పడుకున్నాక వెలిగింది. పెద్దత్తని వాళ్ళ కోడలు నిజంగానే లెక్కచెయ్యదు. అమ్మ కెమెరా ముందు ఇప్పటికీ కర్రలా బిగుసుకుపోతుంది. నా వాదన ఏంటంటే, ఫొటో చూసి మనం చెప్పేదంతా మన గొడవే. మనకి తెలియకుండానే లోపలున్నది తీసుకెళ్ళి ఎదుటివాళ్ళ మొహానికి పులుముతాం. మనసు డాక్టరు ఫ్రాయిడ్ దీన్నే ప్రొజెక్షన్ అన్నాడు. కామెర్లవాడి సామెత మనకి అంతకుముందు నుంచే ఉంది. ఒప్పుకోనివాళ్ళు చెప్పండి.

మసకచుక్క:
నేను ఒప్పుకోను. కారణం రేపు చెప్తా, ఇప్పుడు బస్సులో ఉన్నా.

పాత లెక్చరర్:
అమ్మా, ఫ్రాయిడ్ పేరు ఎత్తావు కాబట్టి చెప్తున్నా. ఆయన 1895లో మిత్రుడు ఫ్లీస్‌కి పంపిన రాతప్రతిలో అనుమానపు జబ్బు గురించి రాస్తూ ఈ మాట వాడాడు. అక్కడ ప్రొజెక్షన్ అంటే, మనలో ఉందని మనమే భరించలేని దాన్ని ఎదుటివాడికి అంటగట్టడం. తన కోపాన్ని ఒప్పుకోలేనివాడు "వాడికి నా మీద కోపం" అంటాడు చూడు, అదీ. మీ పెద్దత్తది అది కాదు. ఆవిడ ఒకసారి దెబ్బతింది, అది గుర్తుంది, దాంతో చూస్తోంది. అది అనుభవం. ఆవిడకే పొగరు ఉండి, ఆ సంగతి ఆవిడకి తెలియకపోతే మాత్రం ఫ్రాయిడ్ లెక్కలోకి వస్తుంది. ఆ సంగతి నీకే తెలియాలి, నేనేం అనను.

గోదారిగట్టు:
మాష్టారూ, ఈ గ్రూపులో మా చుట్టాలు కూడా ఉన్నారండీ. నేనూ ఏమీ అనను.

వేదాంతం వెంకటాపురం:
పాత లెక్చరర్ గారు చెప్పిన రెండోదానికి, అంటే పాత అనుభవంతో చూడడానికి, మన దగ్గర పేరుంది, అధ్యాస. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యం మొదలుపెట్టిందే దాంతో. ముందెప్పుడో చూసింది జ్ఞాపకంగా వచ్చి ఇంకోచోట మెరవడం. చీకట్లో తాడు పామైంది అంటే, అంతకుముందు పామును చూసినవాడికే అవుతుంది. జన్మలో పాముని చూడనివాడు తాడు తొక్కి వెళ్ళిపోతాడు.

మసకచుక్క:
ఇల్లు చేరా. నా కారణం ఇది. అంతా ప్రొజెక్షనే అయితే, ఒక్కో మొహం గురించి ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్పాలి కదా? కానీ 2006లో ప్రిన్స్‌టన్‌లో విల్లిస్, టోడొరోవ్ అనే ఇద్దరు పరిశోధకులు ముఖాల ఫొటోలు సెకనులో పదో వంతు మాత్రమే చూపించి "ఇతన్ని నమ్మొచ్చా, సమర్థుడేనా" అని అడిగారు. తీరిగ్గా చూసినవాళ్ళ అభిప్రాయాలకీ వీళ్ళవాటికీ బాగా పొంతన కుదిరింది. ఎవరి గొడవ వాళ్ళే చూసుకుంటే ఇన్ని గొడవలు ఒకేలా ఎలా కలుస్తాయి? గడ్డం ఎత్తితే పొగరు, తల దించితే అణకువ అని మీ పెద్దత్త సొంతంగా కనిపెట్టలేదక్కా. ఊరందరికీ కలిపి ఒక అచ్చు ఉంది, ఆవిడ అందులో పోసింది. ఆ అచ్చు నిజమని నేను అనడం లేదు. తప్పే కావచ్చు. కానీ అది అందరి తప్పు, పెద్దత్త ఒక్కదానిది కాదు.

కరీంనగర్ కాడెట్:
ఎస్‌ఎస్‌బీకి పోయొచ్చినోణ్ణి, నాదీ ఒక మాట. ఆర్మీ ఆఫీసర్ సెలక్షన్‌లో మొదటి రోజే ఒక మసక బొమ్మ 30 సెకన్లు చూపిస్తారు, తర్వాత 4 నిమిషాల్లో కథ రాయాలి. నాకు ఒకడు నీళ్ళల్లో పడ్డట్టు, ఇంకొకడు చెయ్యి ఇస్తున్నట్టు కనిపించింది. పక్కన కూర్చున్న కేరళ అబ్బాయి అదే బొమ్మలో ఇద్దరు రైతులు బోరు మోటారు బిగిస్తున్నారన్నాడు. ఇంకో బెంచీ మీద అది ఆసుపత్రి వార్డు. కాబట్టి అక్క చెప్పింది కొంత నిజమే. బొమ్మ మసకైన కొద్దీ మనం ఎక్కువ నింపుతాం.

రెండో రోజు టీఏటీ, అంటే బొమ్మలు చూసి కథలు రాసే పరీక్ష. 12 స్లైడ్లు, చివరిది ఖాళీ తెర. ఏ బొమ్మా లేకుండా నీ కథ నువ్వే రాసుకోవాలి. లోపలున్నది బయటికి రావాలంటే ఇంతకన్నా మంచి జాగా ఏముంటది? కానీ నేను రాసింది కోచింగ్‌లో బట్టీ కొట్టిన వరదల కథ. నాతో పాటు కోచింగ్ తీసుకున్న ఇంకో ఇద్దరు కూడా వరదే తెచ్చారని తర్వాత క్యాంటీన్‌లో తెలిసింది. మా ముగ్గురి అంతరంగం ఒకటే అనుకోవాల్నా?

పాత లెక్చరర్:
బాబూ, వరద కథ విని చాలాసేపు నవ్వుకున్నా. ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

మచ్చ చూపించి ఏం కనిపిస్తోందని అడిగే సిరా మచ్చల పరీక్ష ఉంది కదా, హెర్మన్ రోర్షాక్ అనే స్విస్ డాక్టరు 1921లో 10 కార్డులతో వేసినది. మరుసటి ఏడే 37 ఏళ్ళకి పోయాడు పాపం. "మచ్చలో గబ్బిలం కనిపిస్తే వీడు ఇలాంటివాడు" అని తేల్చడం ఆయన ముఖ్య ఉద్దేశం కాదు. మచ్చ మొత్తాన్ని చూశాడా ముక్కను చూశాడా, కదలిక చూశాడా, రంగుకి లొంగాడా అన్నదే ఆయన పట్టించుకున్నది. అంటే ఏం చూశాడన్నదాని కన్నా ఎలా చూశాడన్నది. ఇలాంటి పరీక్షలకి "ప్రొజెక్టివ్" అన్న ముద్ర 1939లో లారెన్స్ ఫ్రాంక్ వేశాడు, రోర్షాక్ కాదు. 2013లో రోర్షాక్ పరీక్ష మీద పాత పరిశోధనలన్నీ పోగేసి చూస్తే, ఆలోచన చెదిరిపోవడాన్ని పట్టే కొలతలు బాగానే నిలబడ్డాయి. మిగతావాటిలో చాలావాటికి ఆధారం పలచగా ఉంది, కొన్నింటికి అసలు లేదు.

కానీ నేను పాఠం చెప్పిన రోజుల్లో పిల్లలు నోరెళ్ళబెట్టింది దీనికి కాదు, చాప్‌మన్ దంపతుల ప్రయోగానికి. "మనిషి బొమ్మ గీయి" అని ఒక పరీక్ష ఉంది. కళ్ళు పెద్దగా గీస్తే అనుమానం మనిషి అని చాలామంది నిపుణులు తమ అనుభవం మీద నమ్మేవాళ్ళు. 1967లో చాప్‌మన్‌లు కొన్ని బొమ్మలు తీసుకుని, వాటి కింద జబ్బు లక్షణాలు ఇష్టమొచ్చినట్టు కలిపి రాసి, ఆ పరీక్ష పేరే వినని కాలేజీ పిల్లలకి ఇచ్చారు. బొమ్మకీ లక్షణానికీ ఏ సంబంధమూ లేదు. అయినా పిల్లలు ఏం కనిపెట్టారు? పెద్ద కళ్ళు, అనుమానం! నిపుణులు ఏళ్ళ తరబడి "చూసింది" అచ్చంగా అదే. గీసినవాడి లోపలి సంగతి చదువుతున్నామని కూర్చున్న డాక్టరుగారే తన తలలోది బొమ్మ మీద చదివాడన్నమాట.

అందుకని, గోదారిగట్టు అమ్మాయ్, పెద్దత్త ఆ పిల్ల మీద తన గొడవ పులిమిందని తీర్పు చెప్పావు. ఆ తీర్పులో నీది ఎంత?

గోదారిగట్టు:
అమ్మో. ఇది నా మీదకి తిరుగుతుందని అనుకోలేదు.

నిజం చెప్పాలంటే నా పెళ్ళప్పుడు నా ఫొటో చూసి ఇదే పెద్దత్త "రంగు తక్కువ" అంది. అది మర్చిపోలేదు నేను.

డల్లాస్ దోశ:
అక్కని ఒంటరి చెయ్యకండి. తిట్టుకోవాల్సిన ప్రొజెక్షన్ కాకుండా మామూలుది కూడా ఉంది. 1977లో మనస్తత్వ పరిశోధకుడు లీ రాస్ బృందం స్టాన్‌ఫర్డ్ విద్యార్థులని "ఈట్ ఎట్ జోస్" (జో దగ్గర తినండి) అని రాసిన హోటల్ ప్రకటన బోర్డు మెడలో వేసుకుని క్యాంపస్ అంతా తిరుగుతారా అని అడిగింది. సరేనన్నవాళ్ళు "62 శాతం మంది ఒప్పుకుంటారు" అన్నారు. కుదరదన్నవాళ్ళు "67 శాతం మంది ఒప్పుకోరు" అన్నారు. ఎవరికి వాళ్ళే లోకం. ఇందులో అణచిపెట్టుకున్న కోరికలూ లేవు, పాములూ లేవు. ఎదుటివాళ్ళ గురించి ఏమీ తెలియనప్పుడు చేతికందే కొలత మనమే కాబట్టి దాంతోనే కొలుస్తాం.

మసకచుక్క:
ఇది మాత్రం ఒప్పుకుంటా. కానీ నా అచ్చు సంగతి అలాగే ఉంది.

గోదారిగట్టు:
మీ అచ్చుని పరీక్షించా. అదే ఫొటో పిన్నికి చూపించి "వాళ్ళకి బాగా ఆస్తి ఉందట" అన్నా. "తెలుస్తూనే ఉంది, ఆ గడ్డం చూడు" అంది. బాబాయికి చూపించి "డాక్టరు చదివింది" అన్నా. "ఎంత హుందాగా ఉంది!" అన్నాడు. అమ్మాయి నిజానికి బ్యాంకులో పనిచేస్తుంది.

సినిమా పిచ్చోడు:
అక్కా, మీరు చేసింది కులెషోవ్ ప్రయోగం! 1920 ప్రాంతంలో రష్యా దర్శకుడు ఏ భావం లేని ఒకే ముఖాన్ని సూపు గిన్నె పక్కన, శవపేటిక పక్కన, ఆడమనిషి పక్కన అతికిస్తే, జనం ఆకలి, దుఃఖం, కోరిక చూశారని చెప్తారు. అసలు రీలు దొరకదు. 1992లో మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు, 2016లో కొంత వచ్చింది. కాబట్టి మరీ ఊగిపోకండి. పిన్నీ బాబాయీ ఇద్దరే.

కరీంనగర్ కాడెట్:
అవన్నీ సరే. తమ్ముడి ఫొటో అటు పంపారా? వాళ్ళ పెద్దత్త ఏమన్నది?

గోదారిగట్టు:
పంపాం. నాలుగు రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు. అందులో వాడు పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. "వెకిలి వెధవ" అనుకుంటారేమోనని అమ్మకి ఒకటే టెన్షన్.