సోరియాసిస్ కొత్త క్రీములు: మన జిల్లాల్లో కొనేవాళ్లున్నారా?

రాజాం మందులకొట్టు: సోరియాసిస్‌కి, అంటే చర్మం పొలుసులు కట్టే జబ్బుకి, అమెరికాలో 2022లో స్టెరాయిడ్ లేని రెండు క్రీములకు అనుమతి వచ్చింది. మే నెలలో టాపినరోఫ్, జూలైలో రోఫ్లుమిలాస్ట్. రోజుకోసారి రాస్తే చాలు. మన దగ్గర ఇవి అమ్ముడుపోవని నా లెక్క. రోఫ్లుమిలాస్ట్ 60 గ్రాముల ట్యూబు అక్కడ మొదట్లోనే 825 డాలర్లు. నా కొట్లో స్టెరాయిడ్ పూతమందు క్లోబెటాసాల్ వందా నూటయాభై రూపాయలు.

బొబ్బిలి వీణ: అక్కడి ధర ఇక్కడ పెడతారేటండి? సోరియాసిస్‌కి మింగే అప్రెమిలాస్ట్ బిళ్ల 2017 నుంచి మన కంపెనీల పేర్లతో దొరుకుతోంది. రోఫ్లుమిలాస్ట్ బిళ్ల కూడా ఊపిరితిత్తుల జబ్బుకి ఇక్కడ వాడుతున్నదే.

రాజాం మందులకొట్టు: బిళ్ల వేరు, క్రీము వేరు. 60 గ్రాములు ఎన్నాళ్లొస్తుందో చెప్పండి ముందు.

బొబ్బిలి వీణ: చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే అర గ్రాము. వేళ్లతో కలిపి రెండు అరచేతులంత మేరకి సరిపోద్ది. నాకు మోచేతులు, మోకాళ్లు కలిపి నాలుగు అరచేతులంత. రోజుకి గ్రాము, అంటే రెండు నెలలు.

రాజాం మందులకొట్టు: అంత కొలిచి రాసేదెవరు? ముద్దలుగా పూస్తారు. పదిహేను రోజులు.

పలాస జీడి: వేపనూనె రాసి చూశారా ఎవరైనా?

బొబ్బిలి వీణ: నేను రెండేళ్లు రాసింది మీరన్న క్లోబెటాసాలే. మా వీధి కొట్టతను డాక్టరు చీటీ అడక్కుండా ఇచ్చాడు. వారంలో పొలుసులు పోయేవి, మానితే రెట్టింపయ్యేవి. చర్మం ఉల్లిపొర అయిపోయింది. 2018లో 14 స్టెరాయిడ్ పూతమందుల్ని ప్రభుత్వం షెడ్యూల్ హెచ్‌లో, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో, చేర్చింది. కొట్లు మారాయా?

రాజాం మందులకొట్టు: ఇదన్నమాట మీ కోపం! విజయనగరం వెళ్లి చీటీ తెమ్మంటే వాళ్లకి ఓ రోజు కూలి పోద్ది. నేనివ్వకపోతే పక్కోడిస్తాడు. నన్ను దొంగని చేస్తారేం?

బొబ్బిలి వీణ: మిమ్మల్ననలేదు.

రాజాం మందులకొట్టు: అన్నారు.

చీపురుపల్లి చిన్నోడు: మా చెల్లికీ ఈ జబ్బే, సంబంధం చూస్తున్నాం. అంటుకోదని డాక్టరు చెప్పినా ఎవరూ నమ్మరు. పూర్తి చేతుల జాకెట్టే వేస్తాది.

రాజాం మందులకొట్టు: నేననేదీ అదే. పెళ్లిచూపుల నాటికి మచ్చ కనపడకూడదు, అంతే. ఆ కొత్త క్రీముల్ని రోగుల మీద పరీక్షించిందేమో 8 వారాలొకటి, 12 వారాలొకటి. అన్నాళ్లాగేదెవరు?

బొబ్బిలి వీణ: నేనాగుతాను. టాపినరోఫ్‌తో పూర్తిగా తగ్గినవాళ్లు మానేసినా సగటున నాలుగు నెలలు మళ్లీ రాలేదు.

రాజాం మందులకొట్టు: నాలుగు నెలలు కొట్టు మెట్టెక్కకపోతే నాకేం మార్కెట్టండీ! సరే, వస్తే రెండు ట్యూబులు తెప్పిస్తా. చీటీ తెండి.