అప్‌డేట్: అన్నయ్య మతిమరుపు గురించి అడిగాను కదా

స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకి 11 ఏళ్లుగా ఒలాంజపిన్ అనే మందు వాడుతున్న మా అన్నయ్య అన్నీ మర్చిపోతున్నాడు, జబ్బు వల్లా మందు వల్లా అని అడిగాను. ముందు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించమన్నారు, చూపించాం. బీపీ 160/100, మూడు నెలల సగటు షుగర్ (HbA1c) 8.2 శాతం, రెండూ ఎక్కువే. ఇన్నేళ్లలో ఒక్కరూ లావవుతున్నాడేమో అని నడుముకి టేపు పెట్టి చూడలేదు, అదే నా బాధ. ఈ మందుతో బరువు, షుగర్ పెరగొచ్చని, అవి అదుపు తప్పితే గుండెతో పాటు జ్ఞాపకశక్తీ దెబ్బతినొచ్చని కొత్త సైకియాట్రిస్ట్ చెప్పారు. మేం సొంతంగా ఏదీ ఆపలేదు, ఆయనే మెల్లగా అరిపిప్రజోల్ అనే వేరే మందుకి మారుస్తున్నారు, షుగర్‌కి మెట్‌ఫార్మిన్, బీపీ మాత్ర కూడా రాశారు. నిన్న పాల ప్యాకెట్, కరివేపాకు, అగ్గిపెట్టె అని చెప్పి పంపిస్తే చీటీ లేకుండా మూడూ తెచ్చి, చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. రోజూ అలా ఉంటాడని కాదు. సిగరెట్లు మాత్రం ఇంకా మానలేదు, రోజుకి ఆరుకి దిగాయి.