రాయగడ: నాలుగో తరగతి బాబుకి బళ్లో ఏమేం అడగొచ్చు?

ప్రశ్న: ఇంట్లో తెలుగు, బడి ఒడియా మీడియం. నోటిలెక్క ఠక్కున చెప్తాడు, రాస్తే 12 కాస్తా 21. బళ్లో బద్ధకం అంటున్నారు. ఎక్కడ మొదలెట్టాలండీ?

జవాబు 1: ముందు కళ్లు, చెవులు చూపించండి. అవి తేలకుండా డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం పట్టుబడని ఇబ్బంది) పరీక్షకి వెళ్తే తిప్పి పంపుతారు. ఎనిమిదేళ్లు నిండాక వైకల్య సర్టిఫికెట్‌కి యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్లో దరఖాస్తు పెట్టొచ్చు. పరీక్ష ఒక్క ఒడియాలోనే చేస్తామంటే ఒప్పుకోకండి. పరాయి భాష రాకపోవడం వేరు, అక్షరం పట్టుబడకపోవడం వేరు. తెలుగు రాత నేర్పకపోయినా నోటితో అడగొచ్చు: ‘కమల’లో ‘క’ తీసేస్తే ఏం మిగిలింది? అక్కడా తడబడితే సంగతి భాషది కాదేమో అని అనుమానించాలి.

జవాబు 2: సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. హెడ్‌మాస్టరుకి రెండు ప్రతులు రాసి, ఒకదానిమీద ముద్ర, తేదీ వేయించుకోండి. ‘శ్రద్ధ పెట్టండి’ అని రాస్తే బుట్టదాఖలే. ‘బోర్డు మీదిది ఎక్కించమనొద్దు, జవాబు నోటితో అడగండి, గంట పరీక్షకి 20 నిమిషాలు అదనం’ అని విడివిడిగా రాయాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 16వ సెక్షన్ ఇలాంటి లోపాన్ని తొందరగా గుర్తించమంటుంది. అదనపు సమయం, రాసిపెట్టే మనిషి 17లో ఉన్నాయి.

జవాబు 3: రెండో, మూడో భాష చదవకుండా మినహాయింపూ ఆ 17వ సెక్షన్‌లోనే ఉంది. కాకపోతే మీవాడికి ఒడియా మొదటి భాష, దానికి అది పనికిరాదు. హెడ్‌మాస్టరు కదలకపోతే అదే ముద్ర కాగితంతో బ్లాక్ విద్యాధికారి దగ్గరికి వెళ్లండి.