గర్భంతో ఉన్నప్పుడు జికా ప్రబలిన చోటికి వెళ్లవచ్చా?

తొలిచూలు:
నాకు ఇప్పుడు పదకొండో వారం నడుస్తున్నది. ఇది మొదటి కాన్పు. వచ్చే నెల మొదట్లో మా అమ్మకు గుండె శస్త్రచికిత్స జరగవలసి ఉంది. అమ్మానాన్నలు ఉంటున్నది వేరే దేశంలో, సముద్రమట్టానికి ఆట్టే ఎత్తు లేని ఊళ్లో. అక్కడ రెండు నెలలుగా జికా వైరస్ (దోమకాటుతో సోకి, కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదలను దెబ్బతీయగలది) వ్యాపిస్తోందని ఆ దేశపు ఆరోగ్యశాఖే ప్రకటించింది. పది రోజులు వెళ్లి అమ్మ దగ్గర ఉండి రావాలని నా కోరిక. నన్ను చూసే డాక్టరుగారు ‘వద్దు’ అని ఒక్క మాటలో తేల్చేసి, కారణం అడిగేలోపే తరువాతి పేషెంటును పిలిచారు. అమ్మ కూడా రావద్దనే అంటోంది గానీ, నాకు ఇబ్బంది కలుగుతుందంటే ఆమె దేనికైనా వద్దనే అంటుంది కనుక ఆ మాటను నేను లెక్కలోకి తీసుకోవడం లేదు. వెళ్లవచ్చనేవారు ఏ ఆధారంతో అంటున్నారో, వద్దనేవారు ఏ ఆధారంతో అంటున్నారో తెలుసుకోవాలని ఉంది. ధైర్యం చెప్పడానికీ భయపెట్టడానికీ మా ఇంట్లోనే మనుషులు సరిపడా ఉన్నారు.

ససేమిరా:
ఇందులో చర్చకు తావు ఎక్కడుందో నాకు అర్థం కావడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 ఫిబ్రవరి 1న జికాకు సంబంధించి అంతర్జాతీయ ఆరోగ్య అత్యయిక స్థితిని ప్రకటించింది. మార్చి 8న, వ్యాధి వ్యాపిస్తున్న ప్రాంతాలకు గర్భిణులు ప్రయాణం చేయవద్దని స్పష్టంగా చెప్పింది. అదే సంస్థ మిగిలిన ప్రయాణికుల మీద గానీ వాణిజ్యం మీద గానీ ఏ ఆంక్షా పెట్టలేదన్నది గమనించండి. అంటే అది భయంతో అందరినీ ఆపిన సలహా కాదు. ఎవరిని ఆపాలో చూసి, వారిని మాత్రమే ఆపిన సలహా. ఈ వ్యాధికి టీకా లేదు, మందు లేదు. మీ డాక్టరుగారు కారణం చెప్పకపోవడం తప్పే గానీ, చెప్పిన మాట తప్పు కాదు.

లెక్కలమనిషి:
సలహా ఉన్నదనడం వేరు, ఆ సలహా ఈ మనిషికి ఎంతవరకు వర్తిస్తుందని అడగడం వేరు. తల్లికి వైరస్ సోకితే పుట్టే బిడ్డల్లో 5 నుంచి 15 శాతం మందిలో దాని ప్రభావం కనిపిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ అంకెను చూసి చాలామంది, వెళితే బిడ్డకు 15 శాతం ప్రమాదం అనుకుంటారు. అది సరికాదు, ముందు తల్లికి సోకాలి. పది రోజుల్లో సోకే అవకాశం నూటికి ఒకటి అని కేవలం ఉదాహరణకు అనుకుంటే, బిడ్డకు ప్రమాదం పదివేలకు 5 నుంచి 15 అవుతుంది. ఏ వైరస్ తోనూ నిమిత్తం లేకుండానే పుట్టే పిల్లల్లో నూటికి సుమారు ముగ్గురికి ఏదో ఒక పుట్టుకలోపం ఉంటుందన్న సంగతిని పక్కన పెట్టుకుని ఈ అంకెను చూడాలి.

ఇంకొక సంగతి కూడా ఉంది. 2016 ఆగస్టులో రియోలో ఒలింపిక్స్ జరగబోతున్నప్పుడు, వాటిని వాయిదా వేయాలనో వేరే చోటికి మార్చాలనో వంద మందికి పైగా శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాశారు. క్రీడలు అక్కడే జరిగాయి. వెళ్లినవారిలో జికా నిర్ధారణ అయినట్టు ఒక్క కేసు కూడా నమోదు కాలేదని తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది. తల్లి గుండెకు కత్తి పెడుతున్న రోజున కూతురు పక్కన లేకపోవడం కూడా ఒక నష్టమే. దానికి అంకె లేదు కాబట్టి ‘వద్దు’ అనేవారు దాన్ని సున్నా కింద కట్టేస్తున్నారు.

దోమతెర:
దోమల నియంత్రణ విభాగంలో పనిచేసి రిటైరైన మనిషిని. లెక్కలమనిషి గారి గుణకారం సరైనదే గానీ, ఆయన ఉదాహరణకు పెట్టిన ఆ ‘నూటికి ఒకటి’ మీదే నాకు అభ్యంతరం. 2007లో పసిఫిక్ మహాసముద్రంలోని యాప్ ద్వీపంలో జికా వచ్చినప్పుడు మూడేళ్లు నిండినవారిలో సుమారు 73 శాతం మందికి సోకిందని అంచనా వేశారు. అది కొన్ని నెలల్లో స్థానికులకు జరిగింది కాబట్టి పది రోజుల అతిథికి అంత ఉండదు, నిజమే. అయినా ఒలింపిక్స్ ను దానికి ఎదురుగా పెట్టి ధైర్యం చెప్పడం కూడా న్యాయం కాదు. ఆగస్టు అంటే రియోలో చలికాలం, వానలు తక్కువ, దోమలు తగ్గే రోజులు. సగటు అంకె ఏ వీధికీ, ఏ నెలకూ చెందదు. అక్కడ ఇప్పుడు వానలు మొదలయ్యాయా, తగ్గాయా అన్నది అమ్మాయి ముందుగా కనుక్కోవలసిన విషయం.

జికాను మోసే ఈడిస్ ఈజిప్టి దోమ పగటిపూట కుడుతుంది. పొద్దెక్కే వేళా, పొద్దు వాలే వేళా దాని ఉధృతి ఎక్కువ. రాత్రి తెర కట్టుకుని పడుకున్నాం కదా అనే నిశ్చింత మలేరియా దోమ నేర్పిన అలవాటు, దీనికి అది చాలదు. ఇది మురికి కాలువలో పుట్టదు. పూలకుండీ కింది పళ్లెంలో, మూతలేని తొట్టిలో, కూలర్ లో నిలిచిన శుభ్రమైన నీళ్లలో పుట్టి, మంచాల కిందా బట్టల చాటునా నీడన దాక్కుంటుంది. చప్పుడు లేకుండా మడమల దగ్గర కుడుతుంది. కాస్త కదిలిస్తే వదిలేసి ఇంకొకరి మీద వాలుతుంది కనుక ఒక్క దోమే ఒక్క పూటలో నలుగురిని కుట్టగలదు. రోగి బంధువులు గంటల తరబడి కూర్చునే ఆసుపత్రి వరండాలను నేను చాలా తనిఖీ చేశాను. బయటి వీధి కన్నా అక్కడే ఎక్కువ పిల్లపురుగులు దొరికిన రోజులున్నాయి. ఏసీ ఉండి, కిటికీలకు జాలీలు ఉన్న గదిలో పది రోజులూ గడిపితే ప్రమాదం బాగా తగ్గుతుంది. కానీ తల్లి పక్కన ఉండటానికి వెళుతున్న మనిషి పది రోజులూ గదిలో ఉండదు కదా.

వెళ్లేటట్టయితే డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న పూతమందు వాడాలి. గర్భిణులు వీటిని సీసా మీద రాసినట్టు వాడుకోవచ్చు. డీట్ ను మొదటి మూడు నెలలు దాటిన గర్భిణులకు రోజూ రాయించి చేసిన పరీక్షలో కూడా బిడ్డలకు హాని కనిపించలేదు. ఎండకు రాసుకునే క్రీము ముందు రాసుకుని, దాని మీద దోమల మందు రాసుకోవాలి. చెమట పట్టినప్పుడల్లా మళ్లీ రాసుకోవాలి. ఇక్కడే అందరూ తప్పుతారు.

తొలిచూలు:
దోమతెర గారికి నమస్కారాలు. ఆసుపత్రి వరండా సంగతి నేను ఊహించలేదు. మా వారు ఒక మధ్యేమార్గం చెబుతున్నారు: తానే నా బదులు వెళ్లి పది రోజులు ఉండి వస్తానంటున్నారు. అలా అయితే బిడ్డకు ఏ ప్రమాదమూ ఉండదు కదా అన్నది ఆయన వాదన. దీని మీద ఎవరైనా చెప్పగలరా?

కాన్పుగది:
నేను ప్రసూతి వైద్యురాలిని. మీ వారి మంచి మనసును కాదనను గానీ, ‘ఏ ప్రమాదమూ ఉండదు’ అన్న మాట తప్పు. జికా వీర్యంలో రక్తంలో కన్నా చాలా ఎక్కువ కాలం నిలిచి ఉంటుంది, లైంగికంగా సోకుతుంది. అందుకే ఆ ప్రాంతం నుంచి వచ్చిన పురుషుడు మూడు నెలలు జాగ్రత్తగా ఉండాలంటారు. భార్య గర్భవతి అయి ఉంటే ఆ మూడు నెలల గడువు వర్తించదు, కాన్పు అయ్యేవరకు ప్రతిసారీ కండోమ్ వాడటమో, కలయిక మానుకోవడమో చేయాలి. ఆయనకు జ్వరం రాలేదు కదా అని ఊరుకోవడానికి లేదు, ఎందుకంటే సోకిన ప్రతి ఐదుగురిలో నలుగురికి ఏ లక్షణమూ కనిపించదు. తిరిగి వచ్చాక మూడు వారాలపాటు ఆయన ఇక్కడ కూడా దోమకాటు తగలకుండా చూసుకోవాలి, లేకపోతే ఆయన రక్తం తాగిన దోమ ఈ వ్యాధిని మీ ఇంట్లోనే మొదలుపెట్టగలదు. ఈ నియమాలన్నీ పాటించగలిగితే మాత్రం ఆయన వెళ్లడం మీరు వెళ్లడం కన్నా చాలా మేలు.

ఇక అసలు ప్రశ్న. ఇంతవరకు అందరూ సోకుతుందా సోకదా అన్నదాని మీదే మాట్లాడారు. గర్భిణులను చూసే మనిషిగా నాకు దానికన్నా పెద్ద చిక్కు తిరిగి వచ్చిన తరువాత మొదలవుతుంది. వెళ్లి వచ్చిన గర్భిణి నా ముందు కూర్చుని ‘నాకు సోకిందా, లేదా?’ అని అడిగితే నిక్కచ్చిగా జవాబు చెప్పే పరీక్ష నా దగ్గర లేదు. రక్తంలో వైరస్ సాధారణంగా వారం పాటే దొరుకుతుంది కాబట్టి ఆ తరువాత పీసీఆర్ లో, అంటే వైరస్ నే నేరుగా వెతికే పరీక్షలో, ఏమీ లేదని వచ్చినంత మాత్రాన సోకలేదని అర్థం కాదు. వైరస్ తో పోరాడటానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల కోసం పరీక్ష చేయిస్తే, పూర్వం ఎప్పుడో వచ్చిన డెంగీ కూడా జికాలా కనిపించి గందరగోళపెడుతుంది. ఆ యాంటీబాడీలు నెలల తరబడి ఉంటాయి కనుక సోకింది గర్భానికి ముందో తరువాతో కూడా తేలకపోవచ్చు. మిగిలింది స్కానింగ్. బిడ్డ తల ఎదగడం లేదన్నది ఐదో నెల స్కానింగ్ లో బయటపడకుండా ఏడో నెలలో బయటపడవచ్చు. పుట్టినప్పుడు తల మామూలుగానే ఉండి, ఆ తరువాతి నెలల్లో ఎదుగుదల మందగించిన పిల్లలు బ్రెజిల్ లో ఉన్నారు. చూపు, వినికిడి లోపాలు ఇంకా ఆలస్యంగా తెలుస్తాయి.

అంటే పది రోజుల ప్రయాణానికి ఆరు నెలల అనిశ్చితి తోడవుతుంది. లెక్కలమనిషి గారి పదివేలకు 15 అన్నది నిజమే కావచ్చు, అయితే ఆ పదివేల మందిలో ప్రతి ఒక్కరూ తాము ఆ 15 మందిలో ఉన్నామో లేదో తెలియకుండానే కాన్పు దాకా బతకవలసి ఉంటుంది. సోకిందని తేలినా నేను ఇవ్వగలిగిన మందు ఏదీ లేదు. నేను ‘వద్దు’ అనడానికి ఇదే ముఖ్యకారణం.

లెక్కలమనిషి:
డాక్టరుగారి మాట నన్ను ఆలోచింపజేసింది, ఒప్పుకుంటాను. నా గుణకారంలో ఎదురుచూపుకు చోటు లేదు. అయినా ఒక విషయంలో వెనక్కి తగ్గను: ఆ అనిశ్చితిని భరించగలదో లేదో చెప్పవలసింది ఆ అమ్మాయే. ఆపరేషన్ బల్ల మీద ఏదైనా జరిగితే జీవితాంతం భరించవలసింది కూడా ఆమెనే. రెండూ ఆమెకు వివరించాక ఆమె వెళతానంటే, నిర్లక్ష్యపు మనిషి అని ముద్ర వేసే హక్కు ఎవరికీ లేదు. గర్భం దాల్చగానే ఆడదాని తెలివిని ఇంటిల్లిపాదీ ఉమ్మడి ఆస్తి చేసేసుకోవడం మనకు బాగా అలవాటైపోయింది.

ససేమిరా:
హక్కు గురించి ఎవరూ వాదించలేదు. సలహా అడిగారు కాబట్టి చెప్పాం.

ఇద్దరుపిల్లలతల్లి:
మీ అందరూ జికా ఒక్కదాన్నే పట్టుకున్నారు గనుక ఒక మాట చేర్చుతున్నాను, ఇది చదివే మరొకరికి పనికి రావచ్చు. నా రెండో కాన్పు అప్పుడు, ఎనిమిదో నెలలో, చికున్ గున్యా ఉన్న చోటికి వెళ్లాను. మొదటి మూడు నెలలూ దాటితే భయం లేదని అందరూ అన్నారు, నేనూ నమ్మాను. నమ్మకూడదని తరువాత తెలిసింది. జికా విషయంలో మొదటి మూడు నెలలు ఎక్కువ ప్రమాదం, మిగిలిన నెలల్లో ప్రమాదం సున్నా కాదు. చికున్ గున్యాలో కథ తిరగబడుతుంది: కాన్పు సమయానికి తల్లి రక్తంలో వైరస్ ఉంటే బిడ్డకు సోకే అవకాశం చాలా ఎక్కువ. 2005-06లో రీయూనియన్ ద్వీపంలో అటువంటి తల్లులకు పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మందికి సోకింది. సిజేరియన్ చేసినా ఆగలేదు. డెంగీ అయితే చివరి నెలల్లో తల్లికే ముప్పు, నెల తక్కువ కాన్పుకూ రక్తస్రావానికీ దారితీయవచ్చు. కాబట్టి ‘ఎన్నో నెల?’ అని అడిగేముందు ‘ఏ వైరస్?’ అని అడగాలి. నాకు ఏమీ కాలేదు, బాబు బాగున్నాడు. అయితే నాకు ఏమీ కాలేదన్నది ఎవరికీ ఆధారం కాదు, కేవలం అదృష్టం.

తొలిచూలు గారూ, నేను అడగాలనుకున్నది ఇంకొకటి: ఆ శస్త్రచికిత్స ఆ రోజే జరగాలా? మీరు వెళ్లాలా వద్దా అని ఇన్ని మాటలు అనుకున్నాం గానీ, తేదీ మారుతుందేమోనని ఎవరూ అడగలేదు.

దోమతెర:
మంచి ప్రశ్న. ఎత్తైన చోట మరో ఆసుపత్రి ఉందా అన్నది కూడా కనుక్కోండి. రెండు వేల మీటర్లు దాటిన చోట ఈ దోమ అరుదు, ప్రయాణ సూచనలు కూడా ఆ ఎత్తుకు కిందనున్న ప్రాంతాల గురించే హెచ్చరిస్తాయి.

తొలిచూలు:
అడిగాను. సర్జన్ గారు తేదీని మూడు వారాలకు మించి జరపలేమన్నారు, అంత ఎత్తైన చోట ఆ ఆపరేషన్ చేసే ఆసుపత్రి లేదు. అక్కడ వానలు ఇప్పుడే మొదలయ్యాయి, మూడు వారాల తరువాత ఇంకా ఎక్కువవుతాయి. అంటే వాయిదా నాకు మేలు చేయకపోగా కీడే చేస్తుంది.

నేను వెళ్లడం లేదు. లెక్కలమనిషి గారి అంకె నన్ను దాదాపు వెళ్లమన్నది. తెలియకుండా ఆరు నెలలు ఎదురుచూడాలన్న మాట ఆపేసింది. ఈ పదకొండు వారాలుగా ప్రతి స్కానింగ్ ముందు రాత్రీ నిద్ర పట్టని మనిషిని, నా సంగతి నాకు తెలుసు. మా వారు, నా తమ్ముడు కలిసి వెళుతున్నారు. కాన్పు వరకు పాటించవలసిన నియమం గురించి మేమిద్దరం సిగ్గుపడుతూనే మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చాం. తమ్ముడికి పెళ్లయి నాలుగు నెలలే అయింది, మరదలు ఇంకా గర్భవతి కాలేదు గానీ ఆ ప్రయత్నంలోనే ఉన్నారు. మూడు నెలలు ఆగాలన్న సంగతి వాడికి ఎవరు చెప్పాలన్నదే ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న చర్చ.

కాన్పుగది:
మీరే చెప్పండి. వెళ్లేముందే చెప్పండి.